కెర్నెల్ వాకిట దుబాసీ: ఒక సిస్టమ్ ప్రోగ్రాము మరొక సిస్టమ్‌పై నడిచే తీరు

సరిహద్దు గ్రామాలలో నివసించేవారికి రెండు పరిపాలనల మధ్య ఉండే తేడాను ఎవరూ వివరించి చెప్పనక్కరలేదు. ఆంధ్రలో అడంగల్ అని పిలిచే పత్రాన్ని కర్ణాటకలో పహణి అంటారు. పొలం స్వభావం అదే, పంట అదే, రైతు అవసరమూ అదే. కాగితం పేరు, దరఖాస్తు నమూనా, అడగవలసిన పద్ధతి మాత్రం వేరు. తెలుగులో వ్రాసిన అర్జీని అవతలి కచేరీలో ఇస్తే, అందులోని విషయం ఎంత న్యాయమైనదైనా, చదివి చెప్పే మనిషి లేకపోతే అది బల్ల మీదనే ఉండిపోతుంది.

కంప్యూటరు ప్రోగ్రాముల మధ్య కూడా ఇటువంటి సరిహద్దులే ఉన్నాయి. విండోస్ కోసం తయారైన ప్రోగ్రామును లినక్స్ ఉన్న కంప్యూటరులో వేస్తే నడవదు. లినక్స్ ప్రోగ్రామును విండోస్‌లో వేసినా అంతే. యంత్రమే వేరు కాబోలు అని చాలామంది అనుకుంటారు. కాని ఒకే కంప్యూటరులో ఉదయం విండోస్‌నూ సాయంత్రం లినక్స్‌నూ నడుపుకునేవారు ఎందరో ఉన్నారు. యంత్రం ఒక్కటే అయినప్పుడు ప్రోగ్రాము ఎందుకు నడవదు? నడవని దానిని నడిపించే ఉపాయాలు ఏమిటి? ఆ ఉపాయాలను ఎంతవరకు నమ్మవచ్చు?

ఈ ప్రశ్నలు ఇప్పుడు మన ఇళ్లలోకే వచ్చాయి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సంస్థ సాధారణ మద్దతును ముగించింది. టీపీఎం 2.0 అనే భద్రతా భాగం, నిర్ణీత జాబితాలోని ప్రాసెసరు ఉన్న కంప్యూటర్లకే విండోస్ 11ను ఆ సంస్థ అనుమతిస్తున్నది. అందువల్ల చక్కగా పనిచేస్తున్న పాత కంప్యూటర్లు అనేకం నడిదారిలో నిలిచిపోయాయి. వాటిలో లినక్స్ వేసుకోవచ్చునని తెలిసినవారు సలహా ఇస్తున్నారు. సలహా మంచిదే. కాని ఇన్నేళ్లుగా కొట్టు లెక్కలు వ్రాసుకున్న ప్రోగ్రాము, పెళ్లి పత్రికలు కూర్చిన ప్రోగ్రాము ఏమి కావాలి? ఈ ప్రశ్నకు సమాధానం తెలియాలంటే ముందుగా కెర్నెల్ గురించి కొంత తెలుసుకోవాలి.

యంత్రం ఒకటే, యజమాని వేరు

కంప్యూటరులోని ప్రాసెసరుకు తెలిసిన పనులు చాలా చిన్నవి. రెండు అంకెలను కూడడం, పోల్చి చూడడం, ఒకచోటి అంకెను మరొకచోటికి చేర్చడం వంటివే. విండోస్ ప్రోగ్రామయినా, లినక్స్ ప్రోగ్రామయినా లోపల ఉండేది ఈ ఆదేశాల వరుసే. ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ ప్రాసెసరుకు ఈ రెండింటిలోని ఆదేశాలూ ఒకే విధంగా అర్థమవుతాయి.

అయితే ఏ ప్రోగ్రామూ తనంత తానుగా డిస్కును తాకలేదు, తెర మీద వ్రాయలేదు, నెట్‌వర్కు తీగలోకి సమాచారం పంపలేదు. ఈ హక్కులన్నీ కెర్నెల్ చేతిలో ఉంటాయి. ఆపరేటింగ్ సిస్టమ్‌లో అన్నిటికంటె లోపల ఉండి, యంత్రభాగాలన్నిటిపైనా అధికారం చెలాయించే భాగమే కెర్నెల్. ప్రోగ్రాముకు ఒక ఫైలు కావలసివస్తే కెర్నెల్‌ను అడగాలి. ఆ అడగడాన్నే సిస్టమ్ కాల్ అంటారు. మన భాషలో విన్నపం అనుకోవచ్చు.

విన్నపం మాటలలో ఉండదు, అంకెలలో ఉంటుంది. ప్రోగ్రాము తనకు కావలసిన పని సంఖ్యను ప్రాసెసరులోని ఒక నిర్ణీత స్థానంలో ఉంచుతుంది. ఏ ఫైలు, ఎన్ని అక్షరాలు వంటి వివరాలను పక్క స్థానాలలో ఉంచుతుంది. తరువాత ఒక ప్రత్యేక ఆదేశంతో కెర్నెల్‌ను పిలుస్తుంది. కెర్నెల్ ఆ సంఖ్యను చూసి, తన పట్టికలో దానికి ఎదురుగా ఏ పని ఉన్నదో చేసి, ఫలితాన్ని మరొక అంకెగా తిరిగి ఇస్తుంది. ఒక ప్రోగ్రాము ఒక్క క్షణంలో ఇటువంటి విన్నపాలు వేల సంఖ్యలో చేసుకోవచ్చు.

ఒకే అంకె, వేరు అర్థం

చిక్కు ఈ పట్టికల దగ్గరే వస్తుంది. ఏ సంఖ్యకు ఏ పని అన్నది ఒక్కొక్క కెర్నెల్‌కు ఒక్కొక్క తీరుగా ఉంటుంది. 64 బిట్ల లినక్స్‌నూ, యూనిక్స్ వంశానికే చెందిన ఫ్రీబీఎస్‌డీ అనే మరొక ఆపరేటింగ్ సిస్టమ్‌నూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

లినక్స్ పట్టికలో 1 అంటే 'వ్రాయి'. ఫ్రీబీఎస్‌డీ పట్టికలో 1 అంటే 'ఈ ప్రోగ్రాము ముగిసింది, తొలగించు'. లినక్స్‌లో 2 అంటే ఫైలు తెరవడం, ఫ్రీబీఎస్‌డీలో 2 అంటే నడుస్తున్న ప్రోగ్రాముకు మరొక నకలు పుట్టించడం. లినక్స్‌లో 60 అంటే ముగింపు, ఫ్రీబీఎస్‌డీలో 60 అంటే కొత్త ఫైళ్లకు ఎవరెవరికి అనుమతులు ఉండరాదో నిర్ణయించడం. తెర మీద 'నమస్కారం' అని వ్రాయదలచిన లినక్స్ ప్రోగ్రామును ఏ ఏర్పాటూ లేకుండా ఫ్రీబీఎస్‌డీకి అప్పగిస్తే, అది 1 అని అడిగిన మరుక్షణం, ఒక్క అక్షరమైనా వ్రాయకముందే ముగిసిపోతుంది. ప్రోగ్రాములో తప్పు లేదు, కెర్నెల్‌లోనూ తప్పు లేదు. పట్టికలు వేరు కావడమే కారణం.

జవాబుల విషయంలోనూ ఇదే గొడవ. అడిగిన పని జరగనప్పుడు కెర్నెల్ ఒక దోష సంఖ్యను ఇస్తుంది. లినక్స్‌లో 11 అంటే 'ఇప్పుడు కాదు, మళ్లీ అడుగు'. 35 అంటే 'ఒకరి కోసం ఒకరు ఆగి, ఎవరూ కదలలేని స్థితి ఏర్పడుతుంది'. ఫ్రీబీఎస్‌డీలో ఈ రెండు సంఖ్యల అర్థాలు సరిగ్గా తారుమారు. మళ్లీ అడగమన్న మాట 35, కదలలేని స్థితి 11. సంఖ్యను మార్చకుండా అందిస్తే, కాసేపు ఆగి అడగవలసిన ప్రోగ్రాము అంతా అయిపోయిందని భావించి చేతులెత్తేస్తుంది.

మూడు దారులు

ఈ సరిహద్దును దాటించడానికి ముఖ్యంగా మూడు దారులు ఉన్నాయి. వీటిని ఒకదానితో ఒకటి కలిపి చెప్పడం వలన చాలామందికి అయోమయం కలుగుతున్నది.

మొదటిది ఎమ్యులేటరు. ఇది ప్రాసెసరునే అనుకరిస్తుంది. ఒక్కొక్క ఆదేశాన్ని చదివి, దానికి సమానమైన పనిని ఉన్న ప్రాసెసరు చేత చేయిస్తుంది. ప్రాసెసరు జాతే వేరైనప్పుడు ఇది తప్పదు. కాని ప్రతి అడుగుకూ అదనపు శ్రమ కనుక సాధారణంగా వేగం తగ్గుతుంది.

రెండవది వర్చువల్ మెషీన్. అంటే ఉన్న కంప్యూటరులోనే మరొక ఊహా కంప్యూటరును ఏర్పరచి, అందులో రెండవ ఆపరేటింగ్ సిస్టమ్‌ను మొత్తంగా వేసుకోవడం. ఇందులో అనువాదం అవసరం లేదు, అసలు కెర్నెలే వచ్చి కూర్చుంటుంది. దానికి వేరుగా జ్ఞాపకశక్తి, డిస్కు స్థలం కేటాయించాలి.

మూడవది ఈ వ్యాసానికి ముఖ్యమైనది. ప్రోగ్రాము ఆదేశాలను ప్రాసెసరు నేరుగానే నడుపుతుంది. అది కెర్నెల్‌ను ఏదైనా అడిగినప్పుడు మాత్రమే మధ్యలో ఒక దుబాసీ నిలబడి, ఆ విన్నపాన్ని ఈ కెర్నెల్ భాషలోకి మార్చి, జవాబును మళ్లీ ఆ భాషలోకి మార్చి ఇస్తాడు. దీనినే అనుకూలతా పొర అంటారు. కూడికలకూ తీసివేతలకూ దుబాసీతో పని లేదు, గనుక వేగం పెద్దగా తగ్గదు. రెండవ సిస్టమ్‌ను మొత్తంగా మోయనక్కరలేదు.

ఫ్రీబీఎస్‌డీలోని దుబాసీ

ఈ మూడవ దారికి చక్కని ఉదాహరణ ఫ్రీబీఎస్‌డీలోనే ఉన్నది. 1990ల మధ్యకాలం నుండి ఆ కెర్నెల్ లినక్స్ ప్రోగ్రాములను నడుపుతున్నది. ఈ భాగానికి 'లినక్సులేటర్' అని ముద్దుపేరు. దీని అవసరం ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం సులభం. లోపలి రాత చూపకుండా ప్రోగ్రాములు అమ్మే సంస్థలు లినక్స్ కోసం తయారుచేశాయి గాని, వాడేవారు తక్కువగా ఉన్న ఫ్రీబీఎస్‌డీ కోసం తయారుచేయలేదు. లోపలి రాత లేనిదే ప్రోగ్రామును మార్చి కట్టడం సాధ్యం కాదు. కనుక కెర్నెలే ఆ భాష నేర్చుకున్నది.

పని జరిగే క్రమం ఇది. లినక్స్‌లోనూ ఫ్రీబీఎస్‌డీలోనూ నడిపించదగిన ఫైళ్లు ఈఎల్‌ఎఫ్ అనే ఒకే అమరికలో ఉంటాయి. ఆ ఫైలు మొదట్లో 8వ బైటు అది ఏ సిస్టమ్‌కు చెందినదో చెప్పవచ్చు. 3 అయితే లినక్స్, 9 అయితే ఫ్రీబీఎస్‌డీ. చాలా లినక్స్ ఫైళ్లలో అక్కడ 0 మాత్రమే ఉంటుంది. అటువంటప్పుడు ఫ్రీబీఎస్‌డీ ఫైలులోని ఇతర గుర్తులను, అది కోరే లోడరు పేరును చూసి ఊరు కనిపెడుతుంది.

ఊరు తెలిసిన తరువాత కెర్నెల్ ఆ ప్రోగ్రాముకు ఒక ప్రత్యేక పట్టికను తగిలిస్తుంది. ఇక ఆ ప్రోగ్రాము 1 అని అడిగితే లినక్స్ పట్టికలో చూస్తుంది, పక్కనే నడుస్తున్న సొంత ప్రోగ్రాము 1 అని అడిగితే సొంత పట్టికలో చూస్తుంది. ఒకే కెర్నెల్, ఒకే సమయంలో, ఒక్కొక్కరితో వారి వారి భాషలో మాట్లాడుతుంది. దోష సంఖ్యలకు, ఒక ప్రోగ్రాము మరొకదానికి పంపే సంకేతాలకు కూడా ఇటువంటి మార్పిడి పట్టికలు ఉన్నాయి.

ఇది సరిపోదు. లినక్స్ ప్రోగ్రాము తనకు కావలసిన లైబ్రరీ ఫైళ్లను లినక్స్‌లో ఉండే చోట్లలో వెదుకుతుంది. అందుకని ఫ్రీబీఎస్‌డీలో ఒక ప్రత్యేక ఫోల్డరులో చిన్న లినక్స్ ఇల్లు కడతారు. లినక్స్ ప్రోగ్రాము ఏ ఫైలు అడిగినా కెర్నెల్ ముందు ఆ ఇంట్లో వెదికి, లేకపోతేనే బయట చూస్తుంది. ప్రాసెసరు వివరాల వంటి కొన్ని సంగతులను లినక్స్ కెర్నెల్ ఫైళ్ల రూపంలో చూపిస్తుంది గనుక, అటువంటి ఫైళ్లను కూడా ఫ్రీబీఎస్‌డీ అప్పటికప్పుడు సృష్టించి చూపవలసి ఉంటుంది.

64 బిట్ల లినక్స్ ప్రోగ్రాములకు ఈ సదుపాయం 2016లో వెలువడిన ఫ్రీబీఎస్‌డీ 10.3తో అందుబాటులోకి వచ్చింది. 32 బిట్ల దుబాసీ సిద్ధమైన ఎన్నో ఏళ్లకు గాని 64 బిట్ల దుబాసీ సిద్ధం కాలేదంటే ఈ పని ఎంత శ్రమతో కూడినదో ఊహించవచ్చు.

దుబాసీకి ఎదురయ్యే కష్టాలు

సంఖ్యలు మార్చడమే పని అయితే ఒక పట్టికతో సరిపోయేది. అసలు కష్టం భావాలలో ఉన్నది. ఒక భాషలోని మాటకు రెండవ భాషలో సమానమైన మాటే లేనప్పుడు దుబాసీ ఏమి చేయాలి?

లినక్స్‌కు మాత్రమే ప్రత్యేకమైన సదుపాయాలు కొన్ని ఉన్నాయి. వాటిని అడిగినప్పుడు రెండు మార్గాలే ఉంటాయి. ఉన్న సామగ్రితో అటువంటిదే కొత్తగా కట్టి ఇవ్వడం, లేదా 'అటువంటి పని ఇక్కడ లేదు' అని చెప్పడం. రెండవ జవాబు విన్న ప్రోగ్రాములలో కొన్ని మరొక దారి చూసుకుంటాయి, మరికొన్ని అక్కడే ఆగిపోతాయి.

ఎదుటి కెర్నెల్ ఎదుగుదల ఆగదన్నది మరొక కష్టం. లినక్స్‌లో కొత్త విన్నపాలు చేరుతూనే ఉంటాయి. కొత్త ప్రోగ్రాములు వాటిని వాడడం మొదలుపెడతాయి. దుబాసీ నేర్చుకోవడం ఎన్నటికీ పూర్తి కాదు. ఒక సౌలభ్యం మాత్రం ఉన్నది. ఒకసారి ఇచ్చిన సంఖ్యను, దాని అర్థాన్ని మార్చి ఉన్న ప్రోగ్రాములను చెడగొట్టరాదన్నది లినక్స్ కెర్నెల్ నిర్మాతలు గట్టిగా పాటించే నియమం. అందువల్ల నిన్న నేర్చుకున్నది నేడు వృథా కాదు.

వ్రాతపూర్వకంగా ఎక్కడా లేని అలవాట్లు మూడవ కష్టం. కెర్నెల్ ఇచ్చే జవాబులలో నిబంధనలు చెప్పని చిన్న చిన్న తీరులు ఉంటాయి. ప్రోగ్రాములు తెలియకుండానే వాటిపై ఆధారపడతాయి. దుబాసీ అర్థం చెబితే చాలదు, అటువైపు అధికారి యాస, అలవాటు, చివరికి అతని పొరపాట్లు సహా అనుకరించాలి.

మైక్రోసాఫ్ట్ అనుభవం

ఈ కష్టం ఎంతటిదో తెలియడానికి మైక్రోసాఫ్ట్ చరిత్రకు మించిన ఉదాహరణ లేదు. 1993లో విడుదలైన విండోస్ ఎన్‌టీ ఆది నుండి అనేక భాషలు మాట్లాడేటట్లు నిర్మించినదే. విండోస్ ప్రోగ్రాములతో పాటు ఓఎస్/2 అనే సిస్టమ్‌కు చెందిన కొన్ని ప్రోగ్రాములకు, యూనిక్స్ సిస్టమ్‌ల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌ను అనుసరించి వ్రాసిన ప్రోగ్రాములకు అందులో వేరువేరు ఉపవ్యవస్థలు ఉండేవి. 2001లో విండోస్ ఎక్స్‌పీ వచ్చేసరికి ఆ రెండింటినీ తొలగించారు.

పదిహేనేళ్ల తరువాత ఆ ఆలోచన మరొక రూపంలో తిరిగి వచ్చింది. ఇంటర్నెట్ సేవలను నిర్మించేవారి పనిముట్లలో అధికభాగం లినక్స్‌లో పుట్టినవే కావడం వలన, వారిని విండోస్ వద్ద నిలుపుకోవడానికి ఆ సంస్థ 2016 మార్చిలో విండోస్‌లో లినక్స్ ఉపవ్యవస్థను ప్రకటించింది. క్లుప్తంగా దానిని డబ్ల్యూఎస్ఎల్ అంటారు. అదే సంవత్సరం ఆగస్టులో అది ప్రయోగదశలో విండోస్ 10 వాడుకరులకు అందింది. అందులో లినక్స్ కెర్నెల్ ఒక్క అక్షరమైనా లేదు. లినక్స్ ప్రోగ్రాము చేసే విన్నపాలను విండోస్ కెర్నెల్ పట్టుకుని, తనలోని ఒక ప్రత్యేక డ్రైవరుకు అప్పగించేది. ఆ డ్రైవరే దుబాసీ.

సాధారణమైన పనులు చక్కగా జరిగాయి. చిక్కు ఫైళ్ల దగ్గర వచ్చింది. లినక్స్‌లో ఎవరో తెరిచి చదువుతున్న ఫైలును మరొకరు తొలగించవచ్చు, చదివేవారికి అది అందుతూనే ఉంటుంది. విండోస్ సంప్రదాయం అటువంటిది కాదు. లినక్స్‌లో పెద్ద అక్షరాలతో వ్రాసిన ఫైలు పేరు, చిన్న అక్షరాలతో వ్రాసిన పేరు వేరువేరు. విండోస్ మామూలుగా ఆ రెండింటినీ ఒకటిగానే భావిస్తుంది. పైగా విండోస్‌లో ఒక ఫైలును తెరవడమంటే వైరస్ కాపలాతో సహా అనేక తనిఖీ గేట్లను దాటడం. లినక్స్ పనిముట్లు వేలకొలది చిన్న ఫైళ్లను తెరచి మూస్తుంటాయి. ప్రతిసారీ ఆ గేట్లన్నీ దాటవలసి రావడంతో పని నత్తనడక నడిచింది. ప్రోగ్రాములను వేరువేరు పెట్టెలలో పెట్టి నడిపే డాకర్ వంటి పనిముట్లు కోరే లోతైన లినక్స్ సదుపాయాలు ఆ దుబాసీకి అందనే లేదు.

2019 మే నెలలో మైక్రోసాఫ్ట్ తన నిర్ణయాన్ని మార్చుకున్నది. డబ్ల్యూఎస్ఎల్ రెండవ రూపంలో అనువాదం మాని, నిజమైన లినక్స్ కెర్నెల్‌నే తెచ్చి, ఒక తేలికైన వర్చువల్ మెషీన్‌లో పెట్టింది. అవతలి ఊరి కచేరీనే తెచ్చి పక్క గదిలో తెరచినట్లయింది. 2020 మే నెలలో అది సాధారణ వాడుకరులకు వచ్చింది. కుదించిన పెద్ద కట్టను విప్పే పని మొదటి రూపంకంటె 20 రెట్ల వరకు వేగంగా జరిగిందని ఆ సంస్థ తన తొలి పరీక్షల ఆధారంగా చెప్పింది.

అంతమాత్రాన దుబాసీ పద్ధతి ఓడిపోయిందని చెప్పరాదు. లినక్స్ పనిముట్టు విండోస్ డిస్కులోని ఫైళ్లపై పనిచేయవలసి వచ్చినప్పుడు మొదటి రూపమే వేగమైనదని మైక్రోసాఫ్ట్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. పక్క గదిలోని కచేరీకి కాగితాలు మోసుకుపోవాలి కదా! దుబాసీ ఉన్నచోట ఇద్దరూ ఒకే బల్ల దగ్గర కూర్చుంటారు. ఏది మేలన్నది జరుగవలసిన పనిని బట్టి ఉంటుంది.

దుబాసీని పంపివేసినవారు

ఓపెన్‌బీఎస్‌డీ అనే సిస్టమ్ నిర్మాతలు మరొక మార్గం ఎంచుకున్నారు. భద్రతకే అగ్రస్థానం ఇచ్చే ఈ బృందం 2016లో వెలువరించిన 6.0 రూపంలో లినక్స్ అనుకూలతా పొరను పూర్తిగా తొలగించింది. వారి వైఖరిలో న్యాయం ఉన్నది. అనుకూలతా పొర కెర్నెల్‌లో ఉంటుంది, అంటే సర్వాధికారాలు ఉన్నచోట ఉంటుంది. అక్కడ అదనంగా చేరే ప్రతి పంక్తీ మరొక తలుపు వంటిది. వాడేవారు కొద్దిమంది, పరిశీలించేవారు ఇంకా కొద్దిమంది అయినప్పుడు ఆ తలుపు గడియ ఊడిన సంగతి ఎవరికీ తెలియకపోవచ్చు.

విండోస్ ప్రోగ్రాము లినక్స్‌పై: వైన్

మన పాఠకులలో ఎక్కువమందికి కావలసినది ఇంతవరకు చెప్పినదానికి ఎదురు దిక్కు ప్రయాణం, అంటే విండోస్ ప్రోగ్రామును లినక్స్‌లో నడిపించడం. ఆ పని చేసేది వైన్. ఇది 1993లో మొదలైంది. 1994 నుండి అలెగ్జాండర్ జూలియార్ ఆధ్వర్యంలో సాగుతున్నది. తొలి స్థిరమైన రూపం 1.0 వెలువడినది 2008 జూన్‌లో. అంటే 15 ఏళ్ల శ్రమ.

ఇక్కడ దుబాసీ నిలబడిన చోటు వేరు. విండోస్‌లో కెర్నెల్ విన్నపాల సంఖ్యలు స్థిరంగా ఉండవు, రూపం మారినప్పుడల్లా మారవచ్చు. మైక్రోసాఫ్ట్ మాట ఇచ్చినది కెర్నెల్ వాకిట కాదు, దానికి ముందున్న లైబ్రరీల వరుస వద్ద. డీఎల్ఎల్ అనే ముక్కతో ముగిసే ఫైళ్లు ఇవే. విండోస్ ప్రోగ్రాములు ఈ లైబ్రరీలను అడుగుతాయి, అవి కెర్నెల్‌ను అడుగుతాయి. అందుచేత వైన్ ఆ లైబ్రరీలనే తిరిగి వ్రాసింది. పేర్లు, జవాబులు విండోస్‌వి, లోపల చేసే పని లినక్స్‌ది. ఏ గడప వద్ద మాట నిలకడగా ఉంటుందో దుబాసీ అక్కడే నిలబడాలి. లినక్స్ విషయంలో అది కెర్నెల్ గడప, విండోస్ విషయంలో లైబ్రరీల గడప.

అయినా కెర్నెల్ సాయం లేకుండా వైన్ ముందుకు సాగలేకపోయింది. నకలు కాకుండా కట్టుదిట్టాలు చేసుకున్న కొన్ని ఆటల ప్రోగ్రాములు లైబ్రరీలను తప్పించి నేరుగా విండోస్ సంఖ్యలతో కెర్నెల్‌ను పిలుస్తాయి. అటువంటి పిలుపులను పట్టి వైన్ చేతికి ఇచ్చే సదుపాయం 2021 ఫిబ్రవరిలో వచ్చిన లినక్స్ 5.11లో చేరింది. ఒక ప్రోగ్రాములోని అనేక భాగాలు ఒకదాని కోసం ఒకటి వేచి ఉండే విషయంలో విండోస్ పద్ధతి వేరు. దానిని నేరుగా అందించే ఎన్‌టీసింక్ అనే డ్రైవరు 2025 మార్చిలో వచ్చిన లినక్స్ 6.14లో పూర్తి రూపంతో వచ్చింది. ఈ విధంగా లినక్స్ కెర్నెలే కొన్ని విండోస్ మాటలు నేర్చుకున్నది. ఆటలు అమ్మే వాల్వ్ సంస్థ 2018లో వైన్ ఆధారంగా ప్రోటాన్‌ను విడుదల చేసి, ఈ రంగంలో ధనం వెచ్చించడం కూడా ఈ పురోగతికి ఒక ముఖ్య కారణం.

విచిత్రమైన సంగతి మరొకటి ఉన్నది. విండోస్ 3.1 కాలపు 16 బిట్ల ప్రోగ్రాములు 64 బిట్ల విండోస్‌లో నడవవు. వాటిలో కొన్ని లినక్స్‌పై వైన్‌లో నడుస్తాయి. సొంత ఇంటివారు మరచిన పాత మాటను పొరుగింటి దుబాసీ గుర్తుపెట్టుకున్నాడు.

మన ఇంటి కంప్యూటరుకు సంబంధించి

పాత కంప్యూటరులో సిస్టమ్ మార్చదలచినవారు ఈ కింది విషయాలు గమనించాలి.

1. ముందు పరీక్ష, తరువాతనే మార్పు. లినక్స్‌ను పెన్‌డ్రైవులో వేసుకుని, డిస్కులోని విండోస్‌ను తాకకుండానే నడిపి చూడవచ్చు. తెర, ప్రింటరు, నెట్ సరిగా పనిచేస్తున్నాయో లేదో అక్కడే తెలుస్తుంది. మీకు ముఖ్యమైన ప్రోగ్రామును వీలైతే మరొక లినక్స్ కంప్యూటరులో వైన్‌పై నడిపి చూడండి. తెరుచుకుంటే చాలదు. ఒక బిల్లు వేసి, ముద్రించి, మూసి, మళ్లీ తెరచి చూడాలి.

2. దుబాసీ ప్రోగ్రాములకే గాని పరికరాలకు కాదు. వేలిముద్ర యంత్రం, సంతకపు టోకెను, ప్రోగ్రాముతో వచ్చే తాళపు పుల్ల వంటివాటికి డ్రైవర్లు కావాలి. డ్రైవరు కెర్నెల్‌లో భాగంగా పనిచేస్తుంది. విండోస్ డ్రైవరును వైన్ లినక్స్ కెర్నెల్‌లోకి చేర్చలేదు. మీ జీవనోపాధి అటువంటి పరికరంపై ఉంటే, దానికి లినక్స్ డ్రైవరు ఉన్నదో లేదో తెలుసుకోనిదే అడుగు వేయవద్దు.

3. వైరస్ కూడా ప్రోగ్రామే. విండోస్ ప్రోగ్రాములను నడిపే వైన్ విండోస్ వైరస్‌లలో కొన్నింటిని కూడా నడపగలదు. వైన్ గోడ కాదు. మామూలు అమరికలో అది మీ ఇంటి ఫైళ్లన్నిటినీ ఆ ప్రోగ్రాముకు కనిపించేటట్లు ఉంచుతుంది.

4. నడవని ప్రోగ్రాముకు వర్చువల్ మెషీన్ ఉన్నది. హక్కుపత్రం ఉన్న పాత విండోస్‌ను అందులో వేసి, నెట్ సంబంధం తెంచి, ఆ ఒక్క పనికి మాత్రమే వాడుకోవచ్చు. కంప్యూటరులో తగినంత మెమరీ ఉండాలి.

5. ప్రోగ్రాముకంటె అందులోని సమాచారం ముఖ్యం. ఇది తెలుగువారు ప్రత్యేకంగా పట్టించుకోవలసిన విషయం. తెలుగు అక్షరాలకు యూనికోడ్‌లో 1991 నుండే స్థానం ఉన్నప్పటికీ, అచ్చు పనులలో చాలాకాలం సొంత అమరికల ఫాంట్లే రాజ్యమేలాయి. వాటిలో తెలుగు అక్షరపు ముక్కలను ఇంగ్లీషు అక్షరాల సంఖ్యలలో దాచారు. ఆ ఫాంటు లేకుండా ఫైలు తెరిస్తే కనిపించేవి అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు. కెర్నెల్ దుబాసీ ప్రోగ్రాము విన్నపాలను మార్చగలడు గాని, ఫైలు లోపల ఉన్న అక్షరాలను మార్చలేడు. అటువంటి ఫైళ్లను ప్రోగ్రాము ఇంకా నడుస్తున్నప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోవాలి. మార్చిన తరువాత చదివి సరిచూడాలి, ముఖ్యంగా ఒత్తులు, గుణింతాలు. చూడడానికి ఒక పీడీఎఫ్ నకలు కూడా ఉంచుకోవాలి. కొట్టు లెక్కలను కూడా ఇతర ప్రోగ్రాములు చదవగల సాధారణ పట్టిక రూపంలో బయటకు తీసి పెట్టుకోవడం శ్రేయస్కరం.

ఇంతవరకు చెప్పినదానిని బట్టి ఒక విషయం స్పష్టమవుతున్నది. ప్రోగ్రామును సిస్టమ్‌కు కట్టివేసేది యంత్రం కాదు, ప్రశ్నలు అడిగే ఒక పద్ధతి మాత్రమే. ఆ పద్ధతి నేర్చుకున్న మరొక కెర్నెల్ ఆ ప్రోగ్రామును బతికించగలదు. ఫ్రీబీఎస్‌డీ, వైన్ నిర్మాతలు మూడు దశాబ్దాలుగా ఆ పని చేస్తున్నారు. కాని దుబాసీ ఏ రోజైనా సెలవు పుచ్చుకోవచ్చు, ఓపెన్‌బీఎస్‌డీలో జరిగినట్లు తొలగింపబడవచ్చు. ఆ సదుపాయాన్ని గడువుగా భావించి, ఆ గడువులోగా మన వ్రాతలను, లెక్కలను ఏ సిస్టమ్‌లోనైనా తెరుచుకునే రూపంలోకి మార్చుకోవడం వివేకం. ఇంట్లో పెద్దల చేతివ్రాత కాగితాలను చెదపట్టకముందే ఎత్తిపెట్టుకుంటాం. పాత కంప్యూటరులో ఉన్న తెలుగు ఫైళ్లకూ అదే శ్రద్ధ అవసరం.